పుట్టని ముద్ర

నాకు చేపలు తెలుసు, చీకటి తెలుసు.
మిగతాది తూర్గున్ చెప్పింది, సగం అర్థమైంది.
ఆ సగమే రాస్తున్నాను.

మా జలసంధిలో సాల్మన్ మడుల పక్కన
పసుపు పెట్టెలు తేలుతుంటాయి, మూడొందల పదమూడు.
నీటి పోకడ చూస్తాయి,
మేత ఎప్పుడు చల్లాలో, గాలి గొట్టాలు ఎప్పుడు తెరవాలో
యంత్రాలకి చెబుతాయి.
వాటికి నియమాలు మాత్రం కొండ మీది స్తంభం నుంచి
గాలిలో వస్తాయి.

గాలి అందరిదీ, అదే చిక్కు, అంది తూర్గున్.
ఎవడో ఒకడు పడవలో మూరెడు యాంటెన్నాతో కూర్చుని
నేనే కొండని అనొచ్చు.
అందుకని ప్రతి మాటకీ ముద్ర.
ముద్ర చూడందే పెట్టె గొళ్ళెం తీయదు.
నిన్నటి మాటనే దొంగిలించి మళ్ళీ వినిపించినా
వరస సంఖ్య చూసి
ఇది చద్దిది అని నీళ్ళలో పారేస్తుంది.

నవంబరులో జెల్లీచేపలు వచ్చాయి,
తెగిన తాళ్ళలా, బారలకొద్దీ.
తగిలితే సాల్మన్ ఒళ్ళు కాలుతుంది.
ఆ రాత్రే కొత్త నియమం రాశారు:
పడమటి పోటు మొదలైతే మేత ఆపు,
బుడగల తెర లేపు.
పదకొండు నిమిషాల్లో మూడొందల పన్నెండు పెట్టెలు
సరే అన్నాయి.
నలభై ఒకటి అనలేదు.

మళ్ళీ పంపింది. కాదంది.
మళ్ళీ. కాదు.
ట్రోమ్సో నుంచి హల్వ్‌దాన్ ఫోన్ చేశాడు,
ముద్ర చూడొద్దని చెప్పెయ్, ఒక్కసారికే కదా.
ఆ తలుపు పెట్టెకొకటి లేదు, అంది తూర్గున్,
తెరిస్తే అన్నిటికీ తెరుచుకుంటుంది.
పైగా ఒక్కసారికని తీసిన తలుపుకి
ఒక్కసారంటే ఏమిటో తెలియదు.

రెండింటికి నా కిటికీ కొట్టింది.
ఐలర్ట్, పడవ తియ్యి.

మంచు వాన. ముఖం మీద ఉప్పూ సూదులూ.
నేనడిగాను: దానికేం రోగం?
చలికి బ్యాటరీ చచ్చి బతికింది, అంది.
లోపలి గడియారం వెనక్కి పోయింది.
ఇప్పుడు దాని లెక్కలో
పందొమ్మిదొందల డెబ్బై, జనవరి ఒకటి.
మన ముద్ర చెల్లేది మొన్నటి వసంతం నుంచి.
ఇంకా పుట్టనివాడి సంతకం ఎవరు ఒప్పుకుంటారు?

నేను నవ్వాను.
ఆ జనవరిలో నాకు తొమ్మిదేళ్ళు.
ఈ నీళ్ళలో మడి లేదు, పెట్టె లేదు.
కొండ మీంచి గాలి వచ్చి చేపలకి ఎప్పుడు అన్నం పెట్టాలో
చెబుతుందని ఎవరన్నా అనుంటే
మా నాన్న కూడా తలుపేసుకునేవాడే.

తూర్గున్ పడవ అంచున బోర్లా పడుకుంది.
నడుం పట్టీ నేను పట్టుకున్నాను.
మెడలో గొలుసుకున్న చిన్న తాళంచెవి తీసి గుచ్చింది.
పెట్టె దాన్నీ నమ్మలేదు ముందు,
చాలాసేపు చూసుకుంది,
అలలు రెండు మా మీంచి దాటాయి.
తర్వాత సమయం తీసుకుంది. సమయం ఒక్కటే.

నియమం కూడా తీగలోంచే పోసెయ్యొచ్చుగా, అన్నాను.
ఊహూ.
అది రావలసిన దారినే రానీ.

వచ్చింది. స్తంభం నుంచి, చీకట్లోంచి,
అందరి గాలిలోంచి.
పెట్టె ముద్ర చూసింది, సంఖ్య చూసింది, తేదీ చూసింది.
పచ్చదీపం ఒకసారి రెప్ప వేసింది.
నీటి అడుగున గొట్టాలు గుర్రుమన్నాయి,
తెల్లగా బుడగలు లేచాయి.

ఆలస్యమే అయింది, అబద్ధమెందుకు.
ఆ మడిలో నాలుగొందల చేపలు తెల్లారేసరికి
పొట్టలు పైకి తేలాయి.
హల్వ్‌దాన్ ఆ అంకె ఎర్రగా రాశాడు నివేదికలో.
దాని కింద తూర్గున్ ఒక్క ముక్క చేర్చింది:
నలభై ఒకటి సరిగ్గా పనిచేసింది.
దాని మీద వాళ్ళు ఇంకా కొట్టుకుంటున్నారు.
నాలుగొందల చేపల్నీ వలతో ఎత్తినవాణ్ణి,
ఎవరి పక్కా తేల్చుకోలేకపోయాను.

ఆ రాత్రి తిరిగొస్తుంటే
చేతులు చంకల్లో దాచుకుని,
టైమెంతయింది, అంది.
వాచీ చూసి చెప్పాను, నాలుగుకి పది తక్కువ.
తలూపింది.
ఆనక మెల్లిగా జేబులోంచి ఫోన్ తీసి
చూసుకుంది.